గుళికలు ఆరబోసిన రోడ్డు

రామచంద్రపురం,
జూన్, 2025

చిరంజీవి ఎజ్రాకి అమ్మమ్మ దీవెనలు.

కవరు చూడగానే ఎవరో పోయారనుకుని హడలిపోకు. అందరం ఉన్నాం. చేతిలో ఫోనుండగా ఉత్తరం ఏంటండీ టీచరుగారూ అని పోస్టాఫీసులో కూడా అడిగారు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే కదా. ఫోన్లో నాకేం చెప్పాలన్నా నువ్వు అరవాలి. నువ్వు కడియంలో అరిస్తే నాకంటే ముందు మీ నర్సరీలో మందారాలకి వినిపిస్తుంది. ఇక నేనా, నాకు వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని ఇక్కణ్ణుంచి అరుస్తాను. నేను ఫోనెత్తితే చాలు, పక్క వాటా వాళ్ళు టీవీ కట్టేసి మరీ వింటున్నారు. ఇప్పుడు రాయబోయేది అరిచే విషయం కాదు.

మొన్న మీ అమ్మ వచ్చింది. అది నా కడుపున పుట్టిందే అయినా, వచ్చి వెళ్ళిన రోజు నేను బీపీ మాత్ర ఒకటి ఎక్కువేసుకుంటాను. కోడలికి కడుపు పండలేదని ఒకటే ఏడుపు. వరద వచ్చిన ఏడు మీ పెళ్ళయింది, మూడేళ్ళు కావస్తోంది, సరే. రూబీకి రక్త పరీక్షలు అయ్యాయట. స్కానింగు అయిందట. ఏప్రిల్లో ట్యూబుల పరీక్ష కూడా చేయించారట, ఆ పిల్ల నొప్పికి రెండు రోజులు పాఠాలు చెప్పడానికి స్కూలుకి కూడా వెళ్ళలేదట. అన్నీ బాగున్నాయని డాక్టరమ్మ చెప్పిందట. బాగున్నాయన్నందుకు మీ అమ్మకి కోపం వచ్చింది. ఏదో ఒకటి పాడయి ఉంటే తన మనసు కుదుటపడేదేమో. ఇప్పుడిక ఆగస్టులో ఉపవాస కూటం రోజున రూబీని చర్చిలో అందరి ముందూ నిలబెట్టి, గొడ్రాలితనం పోవాలని పాస్టరుగారి చేత పేరు పెట్టి ప్రార్థన చేయిస్తుందట.

ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన దాన్ని కనుక ఒక్క సందేహం అడుగుతాను. ఇద్దరు కూర్చుని రాయాల్సిన పరీక్షని ఒక్క పిల్ల చేత మూడుసార్లు రాయించారు. రెండో వాడు అసలు హాలుకి వచ్చాడా?

జవాబు రాయి. ఫోన్ చేయకు.

అమ్మమ్మ
సువార్తమ్మ


కడియం,
జూన్ చివర

ప్రియమైన అమ్మమ్మకి ఎజ్రా వందనాలు.

నీ ఉత్తరం నర్సరీ అడ్రసుకి రావడంతో ఇక్కడంతా గోల. కోర్టు నోటీసేమోనని ఓనరుగారు కూడా వచ్చి తొంగి చూశారు. నీ చేతిరాత చూసి, మీ అమ్మమ్మగారు ఇంకా ఎర్ర ఇంకే వాడతారా అని నవ్వారు.

వానలు మొదలయ్యాయి కదా, ఊపిరి సలపడం లేదు. గుజరాత్‌కి, ఢిల్లీకి రోజూ లారీలు లోడు చేస్తున్నాం. ఈ ఏడు బోగన్‌విల్లా బాగా అడుగుతున్నారు. పిల్లల విషయం అంటావా, దేవుడు ఇచ్చినప్పుడు ఇస్తాడు. నా సంగతి బాగానే ఉంది. ఆ విషయంలో నాకేం లోటు లేదు, ఇంతకంటే అమ్మమ్మకి రాయలేను. అమ్మ సంగతి నీకు తెలుసు కదా, అనుకుందంటే ఆపలేం.

ఇక్కడ ఒక బాధ జరిగింది. నా కింద పనిచేసే చిట్టియ్య నీకు గుర్తుండే ఉంటాడు, నీ ఇంటికి కరివేపాకు మొక్క తెచ్చి నాటినవాడు. వాళ్ళావిడ వీరవేణిని ధవళేశ్వరం పుట్టింటికి పంపేశారు. వరదకి ముందు ఒకసారి నెల తప్పి, కడుపు పోయింది, ఆ తర్వాత మళ్ళీ ఏం లేదు. ఆవిడ కడుపులోనే ఏదో ఉందని చిట్టియ్య వాళ్ళమ్మ పట్టు. పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేశారు. సూపర్వైజరుని కదా, నన్ను కూడా కూర్చోబెట్టారు. నేనేం మాట్లాడలేదు. చిట్టియ్యకి వేరే సంబంధం చూస్తున్నారు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ ఎజ్రా


రామచంద్రపురం,
జూలై మొదట్లో

చిరంజీవి ఎజ్రాకి,

ఇంతకంటే రాయలేను అన్నావు చూడు, నేను సరిగ్గా అక్కడే మొదలుపెడుతున్నాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిందంటే మా స్కూల్లో మిగతా టీచర్లు ఇంట్లో చదువుకోండర్రా అని పేజీలు తిప్పేసేవారు. నేను మాత్రం బోర్డు మీద బొమ్మ గీసి, భాగాలకి పేర్లు రాసి, వెనక బెంచీలో నవ్వినవాణ్ణి లేపి అవే పేర్లు చదివించేదాన్ని. నువ్వు వేరే స్కూల్లో చదివావు. తెలుస్తూనే ఉంది.

విను. భార్య దగ్గరికి వెళ్ళగలగడం వేరు, వీర్యంలో కణాలు ఉండటం వేరు. బోరు మోటారు హుషారుగా తిరుగుతోందంటే పైకి వచ్చే నీళ్ళు మంచివని కాదు. ఆ సంగతి మోటారుని చూస్తే తెలియదు, దాని యజమాని మీసం చూస్తే అసలే తెలియదు. నీళ్ళు పట్టి పరీక్షకి పంపాలి. రాజమండ్రి వెళ్ళు. నువ్వు చేయాల్సింది ఒక చిన్న డబ్బా చేతికివ్వడం. రూబీ పడ్డ నొప్పిలో ఆవగింజంత కూడా ఉండదు.

వీరవేణి విషయంలో నువ్వేం మాట్లాడలేదని రాశావు. కూర్చోబెట్టింది మాట్లాడమని కదా నాయనా, కుర్చీ నింపమని కాదు. చిట్టియ్యకి పరీక్ష చేయించారా అని ఒక్కరైనా అడిగారా? ఆ నెల తప్పడం వరదకి ముందు అని నువ్వే రాశావు. ఆ తర్వాత ఏమైంది?

వెళ్ళి వచ్చి రాయి.

అమ్మమ్మ


కడియం,
జూలై

అమ్మమ్మా,

ఫిబ్రవరిలోనే వెళ్ళాను. కూలీల పని మీద అని ఇంట్లో చెప్పి రాజమండ్రి వెళ్ళాను. తక్కువున్నాయేమో, మందులిస్తారు అనుకున్నాను. తక్కువ కాదు. లేవు. ఒక్కటి కూడా లేదు. ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది, ఇంకోచోట చేయించమంటే కాకినాడ వెళ్ళాను. అక్కడా అంతే.

డాక్టరు చాలా అడిగారు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా, దెబ్బ ఏమైనా తగిలిందా, వేడి దగ్గర పనా, పురుగుమందులు ముట్టుకునే పనా అని. మొక్కల వ్యాపారమండి అన్నాను. ఇంకేం చెప్పలేదు. అక్కడ నర్సు అమ్మాయి మన చర్చి వాళ్ళ చుట్టమేమోనని నాకొకటే భయం. పుట్టుకతోనే ఇలా ఉండొచ్చు, మధ్యలో ఏదైనా తగిలి ఉండొచ్చు, ఇదే కారణమని ఇప్పుడు చెప్పలేమన్నారు. ఇంకా పరీక్షలు ఉన్నాయన్నారు. నేను మళ్ళీ వెళ్ళలేదు.

రూబీకి తెలియదు. అమ్మకి తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు. దయచేసి చెప్పకు అమ్మమ్మా. నీకు చెప్పేద్దామనుకున్నాక నిన్న మొదటిసారి అన్నం తినాలనిపించింది. ఇంకేం అడగకు.

ఎజ్రా


రామచంద్రపురం,
జూలై

నాన్నా ఎజ్రా,

నీ ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి పక్క వాటా ఆవిడ వచ్చి ఏమైందండీ అని అరిచింది. కళ్ళలో నలక పడిందన్నాను. రెండు కళ్ళలోనూనా అంది. రెండు కళ్ళలోనూ అన్నాను.

ఇది నీ తప్పు కాదు. కాలు విరిగితే ఎవరూ సిగ్గుపడరు, చూపు మందగిస్తే సిగ్గుపడరు. నా చెవులు పోతే నేను సిగ్గుపడ్డానా, ఊరినే అరిపిస్తున్నాను. ఒంట్లో ఒక పని ఆగింది, అంతే. దానికీ మగతనానికీ ముడి వేసిన వాళ్ళు నా క్లాసులో అందరూ తప్పారు.

అంతవరకు నీ తప్పు కాదు. తర్వాతది నీదే. నీకు ఫిబ్రవరిలో తెలిసింది. రూబీకి ట్యూబుల పరీక్ష ఏప్రిల్లో చేశారు. నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావని మీ అమ్మే చెప్పింది. ఆ పిల్ల లోపల అరిచినప్పుడు నీకు వినపడిందా? నాకు చెవులు లేవు, నీకున్నాయి కదా.

ఇక దీన్ని సాగదీయను. నువ్వు డాక్టరుకి చెప్పనిది నాకు చెప్పు. పురుగుమందులు ఎలా కలుపుతారు, ఎలా కొడతారు? చేతులకి తొడుగులు ఉంటాయా? వరదప్పుడు ఏం చేశారు? గోదావరి లంకలో మీ షెడ్డు మునిగిందని అప్పట్లో విన్నాను. కథలాగా రాయి, పర్లేదు. నాకు తీరికే.

అమ్మమ్మ


కడియం,
జూలై చివర

ప్రియమైన అమ్మమ్మకి,

ఏప్రిల్ గురించి రాసింది చదివాను.

మందులు అందరూ కొట్టినట్టే కొడతాం. ముక్కుకి తువ్వాలు కడతాం. తొడుగులు ఓనరుగారు ఒకసారి కొన్నారు, వేసుకుంటే చేతులు ఉడికిపోతున్నాయని తీసేశాం.

వరద సంగతి అంటావా, అది చెప్పుకోవాల్సిందే. రెండువేల ఇరవైరెండు జూలై. రాత్రికి రాత్రి కాదు, వస్తుందని తెలుస్తూనే ఉంది, ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక కూడా ఇచ్చారు. మొక్కలు గట్టు మీదకి చేర్చేసరికే మాకు సరిపోయింది. మందుల షెడ్డు ఉండిపోయింది. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. చిట్టియ్య, జీవరాజు, నేను ముగ్గురం మొలలోతు నీళ్ళలో దిగి బస్తాలు మోశాం. జీవరాజు అంటే మన చర్చిలో వెనక వరసలో కూర్చుంటాడు చూడు, ఏసమ్మ మొగుడు. పురుగుమందు గుళికల బస్తాలు చివికి పగిలి నీళ్ళు పాలల్లా తెల్లగా అయిపోయాయి. నీళ్ళ మీద నూనె తెట్టు. ఒళ్ళంతా చిమచిమలాడితే చిట్టియ్య, "ఏవండోయ్, ఇక ఈ జన్మలో మనల్ని దోమ కుట్టదండోయ్" అన్నాడు. ఆ మాటకి ఎంత నవ్వామో.

నీళ్ళు తీశాక గుళికలన్నీ తడి ముద్ద. పారేద్దామా అన్నారు ఓనరుగారు. పారేయడం ఎందుకండీ, తడిసిన ధాన్యం పారేస్తామా అనుకున్నాం. ఎండ బాగా కాసింది. రోడ్డు మీద బరకాలు పరిచి, ఆ ముద్దలు చేత్తో నలిపి, ధాన్యం ఆరబోసినట్టే ఆరబోశాం. గంటకోసారి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగదోశాం. చిన్నప్పుడు కళ్లంలో తిరిగినట్టే ఉంది. చొక్కాలు లేవు, లుంగీ పైకి కట్టుకుని ముగ్గురం అటూ ఇటూ. వారం పైనే పట్టింది. మధ్యాహ్నం ఆ బరకాల పక్కనే చేతులు తుడుచుకుని అన్నాలు తిన్నాం. తలతిరిగి జీవరాజు రెండుసార్లు కక్కుకున్నాడు. ఎండదెబ్బ అని మజ్జిగ తాగించాం. పేర్ల కాగితాలన్నీ ఊడిపోయాయి, ఏది ఏ మందో తెలియదు. కొన్ని పాతకాలంవి, ఇప్పుడు అమ్మనివ్వనివి కూడా ఉన్నాయన్నారు. ఎండిన గుళికలు మళ్ళీ గోతాల్లోకి ఎత్తి ఆ ఏడంతా మొక్కలకి వాడాం. గింజ వృథా పోలేదు. ఓనరుగారు సంతోషించి నన్ను సూపర్వైజరుని చేసింది అప్పుడే.

ఇదంతా ఎందుకడిగావో నాకు తెలుసు. కానీ జీవరాజుకి ఇద్దరు పిల్లలున్నారు కదా అమ్మమ్మా.

ఎజ్రా


రామచంద్రపురం,
ఆగస్టు మొదట్లో

ఎజ్రాకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, బాగా రాశావు. రెండోసారికి నవ్వు పోయింది.

ధాన్యం తడిస్తే ఆరబోసుకుంటాం. మన తాతలు చేశారు, మనం చేస్తాం. తడిసిందేదైనా ఆరితే మళ్ళీ పనికొస్తుందని మన గోదావరి వాళ్ళకి పుట్టుకతో వచ్చిన నమ్మకం. గుళిక చూడటానికి గింజలా ఉంటుంది, అంతే, గింజ కాదు. మీ ముగ్గుర్నీ నేను తిట్టను. ఆ సంచి మీద పుర్రె బొమ్మ చూసి, చదువుకుని, మిమ్మల్ని ఆ రోడ్డు మీద తిరగనిచ్చిన మీ ఓనరుగారిని తిట్టాలి. ఆయనకి ఎర్ర ఇంకు చూస్తే నవ్వొస్తుందట కదా.

జీవరాజు పిల్లలు ఎప్పుడు పుట్టారు? పెద్దది నా దగ్గర బాప్తిస్మం ఫోటోలో ఉంది, వరదకి మూడేళ్ళ ముందు. రెండోవాడు వరద వచ్చిన ఏడు వేసవిలో. ఆ తర్వాత? ఆపరేషన్ చేయించుకోకుండానే దేవుడు ఆపేశాడమ్మగారూ అని ఏసమ్మ నాతో మురిపెంగా చెప్పింది ఒకసారి. వీరవేణికి వరదకి ముందు నెల తప్పింది, తర్వాత లేదు. నీ పెళ్ళి ఆ తర్వాత. ముగ్గురు మగాళ్ళు, ఒక రోడ్డు, ఒక వారం.

ఇదే కారణమని నేను కాగితం మీద సంతకం పెట్టలేను. మీ డాక్టరూ పెట్టలేడు. కొన్ని మందులు మగవాళ్ళలో ఆ కణాలు తయారయ్యే చోటునే దెబ్బతీస్తాయని మాత్రం తెలుసు. కొందరిలో ఆ పని కొన్నాళ్ళకి మళ్ళీ మొదలవుతుంది, కొందరిలో మొదలవదు. అందుకే ముగ్గురూ వెళ్ళి, వరద సంగతి దాచకుండా చెప్పి, పరీక్ష చేయించుకోవాలి. నీకు చదువుంది. వాళ్ళని నువ్వు తీసుకెళ్ళాలి.

అంతకంటే ముందు రెండు పనులు. రూబీకి చెప్పు, ఆ ఉపవాస కూటంలో ఆమెని నిలబెట్టకముందే. చిట్టియ్యకి చెప్పు, ఇంకో పిల్ల మెడలో తాళి కట్టకముందే. ఎవరో వీరదుర్గ అట కదా, పంతొమ్మిదేళ్ళట, మీ అమ్మే చెప్పింది. ఆ పిల్లని కూడా ఇంకో మూడేళ్ళు గుళ్ళూ ఆసుపత్రులూ తిప్పి పుట్టింటికి పంపుతారా?

అమ్మమ్మ


కడియం,
ఆగస్టు చివర

అమ్మమ్మా,

చిట్టియ్య పెళ్ళి అయిపోయింది. వెళ్ళాను. చెప్పాలనే ముందు రోజు వాళ్ళింటికి వెళ్ళాను. పందిరి వేస్తున్నాడు. "రండి రండి, సూపర్వైజరుగారు లేందే ఏం పెళ్ళండీ" అని నాకు కుర్చీ వేశాడు. కూర్చుని, చెప్పకుండానే లేచి వచ్చేశాను. మర్నాడు భోజనం చేసి వచ్చాను. ఆ పిల్ల చాలా చిన్నగా ఉంది.

ఆ తర్వాత ఆదివారం ఉపవాస కూటం. అమ్మతో వద్దన్నాను. ఎందుకు వద్దు అంది. కారణం చెప్పలేకపోయాను, ఆవిడ ఇంకేం ఆగుతుంది. రూబీ కొత్త చీర కట్టుకోలేదు, స్కూలుకి కట్టుకునేదే కట్టుకుంది. పాస్టరుగారు పేరు పెట్టి పిలిచారు. ముందుకొచ్చి మోకరించింది. ఆయన తల మీద చెయ్యి పెట్టి, ప్రభువా ఈ నీ దాసురాలి గర్భాన్ని తెరువుము అని గట్టిగా ప్రార్థన చేస్తుంటే అందరూ ఆమేన్ అన్నారు. నేను మగాళ్ళ వైపు జీవరాజు పక్కన కూర్చున్నాను. నేనూ ఆమేన్ అన్నాను. అనకపోతే అందరూ చూస్తారు.

మధ్యలో కళ్ళు తెరిచాను. రూబీ కూడా తెరిచింది. నా వైపు చూస్తోంది. నేను తల దించేసుకున్నాను.

నువ్వన్నంత తేలిక కాదు అమ్మమ్మా. పిల్లలు లేరంటే దేవుడి చిత్తం అంటారు. ఇది చెబితే నవ్వుతారు. రేపు కూలీలకి పని చెబితే నా మొహం చూసి నవ్వుతారు. ఓనరుగారు బతకనిస్తారా? ఇక నాకు రాయకు.

ఎజ్రా


రామచంద్రపురం,
సెప్టెంబర్

ఎజ్రాకి,

రాయకు అన్నావు. నా వయసులో ఒకరి మాట వినడం కొత్తగా మొదలుపెట్టలేను.

రూబీ ఇక్కడుంది. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో దిద్దాల్సిన పేపర్లు పట్టుకుని బుధవారం దిగింది. మీ అమ్మతో ఏం చెప్పి వచ్చిందో అడగలేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. నిన్న భోజనాలయ్యాక నా ఎదురుగా కూర్చుని ఏదో అడిగింది. నాకు వినపడలేదు. గట్టిగా అడగడం తనకి ఇష్టం లేకపోయింది. దిద్దిన పేపరు ఒకటి తిప్పి, వెనక తెల్లటి చోట రాసి చూపించింది. "ఆయనకి ఏదో తెలుసు. మీకూ తెలుసా అమ్మమ్మగారూ?"

తెలుసన్నాను. అబద్ధం ఆడే అలవాటు లేదు.

చెప్పమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఇంకో వరస రాసింది. "మీరు చెప్పకండి. ఆయన నోటితో వినాలి." పెన్ను మూత పెట్టి లేచి గిన్నెలు తోముకుంది.

కూటంలో నువ్వు తల దించుకోవడంతోనే ఆ పిల్లకి సగం తెలిసిపోయింది. మిగతా సగం నువ్వు చెప్పాలి. కడియం నుంచి రామచంద్రపురానికి బస్సుంది, ఓడ ఎక్కక్కర్లేదు. రా. ఆమె ఎదురుగా కూర్చుని, ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టి ఏప్రిల్ కూడా వదలకుండా చెప్పు. నేను పక్కనే ఉన్నా పర్లేదు, ఎలాగూ వినపడదు.

అమ్మమ్మ


కడియం,
అక్టోబర్

ప్రియమైన అమ్మమ్మకి,

చెప్పేశాను.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. తర్వాత ఒకటి తోచింది. రూబీని అందరి ముందూ నిలబెట్టాం కదా, ఆ నింద అందరి ముందే దించాలి అని. మొన్న ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగారు. ఒకావిడ కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెప్పి కూర్చుంది. నేను లేచాను. లోపం రూబీలో లేదు, నాలో ఉంది, రెండుచోట్ల పరీక్ష చేయించుకున్నాను అన్నాను. వరద సంగతి, గుళికల సంగతి, నేనూ జీవరాజూ చిట్టియ్యా ఆ రోడ్డు మీద తిరగడం, అన్నీ చెప్పాను. ఎవరూ హల్లెలూయా అనలేదు. పాస్టరుగారు పాట ఎత్తండి అన్నారు.

బయటికి వచ్చాక జీవరాజు నా కాలరు పట్టుకున్నాడు. "నీ సంగతి నువ్వు చెప్పుకో, నన్నెందుకు కలిపావురా? నాకు ఇద్దరున్నారు" అన్నాడు. ఏసమ్మ వచ్చి చెయ్యి విడిపించి, "ఇద్దరున్నారు, సరే. మీరు కక్కుకుని ఇంటికొస్తే చూసుకుంది నేను. పదండి, సోమవారం రాజమండ్రి వెళ్దాం" అంది. వెళ్ళారు. ఏమైందో నాకు చెప్పలేదు, కానీ జీవరాజు నాతో మాట్లాడటం లేదు.

సోమవారం ఓనరుగారు షెడ్డు తాళాలు తీసుకున్నారు. నర్సరీ పేరు చెడగొట్టావు, నీ ఒంట్లో లోపానికి నా మందులా కారణం అన్నారు. అవునని తేల్చే కాగితం నా దగ్గర లేదు.

అన్నిటికంటే బాధపెట్టింది చిట్టియ్య. చర్చి సంగతి విని సాయంత్రం ఇంటికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. గుమ్మంలో నిలబడి, "ముందే తెలుసాండీ మీకు?" అన్నాడు. తెలుసన్నాను. "పెళ్ళి భోజనం చేశారు కదండీ" అన్నాడు. అంతే అన్నాడు, వెళ్ళిపోయాడు.

అమ్మ గదిలోంచి బయటికి రావడం లేదు. కానీ నాకు తేలిగ్గా ఉంది. ఈ ఉత్తరం రూబీకి చూపించు. ఇక ఊళ్ళో ఎవరూ ఆమెని ఒక్క మాట అనరు. తీసుకెళ్ళడానికి ఎప్పుడు రమ్మంటుందో అడిగి రాయి.

నీ ఎజ్రా


రామచంద్రపురం,
అక్టోబర్

నాన్నా ఎజ్రా,

చర్చిలో లేచి నిలబడటానికి ఎంత కావాలో నాకు తెలుసు. అది తక్కువ అనను. మన ఇళ్ళలో ఏ మగాడూ ఇంతవరకూ ఆ మాట లేచి చెప్పలేదు.

ఉత్తరం రూబీకి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది. మడతపెట్టి నాకిచ్చేసి, ఈసారి కాగితం వెతుక్కోకుండా నా చెవిలోనే గట్టిగా అంది. "నాకు చెప్పాల్సింది ఊరందరికీ చెప్పారు, అమ్మమ్మగారూ. నేను వాళ్ళందరి తర్వాత తెలుసుకున్నాను." పక్క వాటా వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. తను దాన్ని లెక్కచేసినట్టు లేదు.

నేను నీ తరఫున ఏదో అనబోయాను. నింద దించాలనుకున్నాడు పాపం అన్నాను. "నింద వేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళి దించారు. మోసినదాని దగ్గరికి రాలేదు" అంది. దానికి నేను మార్కులు కోయలేకపోయాను.

తర్వాత నన్ను ఒకటి అడిగింది, వీరవేణికి ఎవరైనా చెప్పారా అని. నీ ఉత్తరం మళ్ళీ చూశాను. చర్చి ఉంది, జీవరాజు ఉన్నాడు, చిట్టియ్య ఉన్నాడు, ఓనరుగారి తాళాలు ఉన్నాయి. ఆవిడ పేరు ఎక్కడా లేదు. నేనూ గమనించలేదు, అదీ రాసి పెడుతున్నాను. ధవళేశ్వరంలో కూర్చుని తన కడుపే పాడయిందనుకుంటున్న మనిషి ఒకతి ఉందని మనిద్దరికీ తట్టలేదు. రూబీకి తట్టింది.

ఈ పొద్దున్న ఫస్ట్ బస్సుకి రూబీ ధవళేశ్వరం, వీరవేణి దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎక్కడికి అని నేను అడగలేదు. బట్టల సంచి తీసుకెళ్ళింది. పేపర్లన్నీ దిద్ది కట్టగట్టి, స్కూలుకి పంపించమని నాకిచ్చింది. నీ దగ్గరికి వస్తుందో రాదో నాకు తెలియదు. తెలిసినట్టు రాసి నిన్ను ఊరడించను.

నువ్వు ఇక్కడికి రావద్దు. వీరవేణి పుట్టిల్లు లాకుల దగ్గరట, అడిగితే ఎవరైనా చూపిస్తారు. వెళ్ళు. గుమ్మం బయట నిలబడు. పిలిస్తే లోపలికి వెళ్ళి ముందు ఆవిడకి చెప్పు, తర్వాత నీ భార్యకి. పిలవకపోతే నిలబడే ఉండు.

అమ్మమ్మ